చదువుకోవటం – చదివించటం

పోయిన వేసవి సెలవుల్లో, ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి ఒక ప్రశ్నావళి పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఇప్పుడామె విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. చదువు పట్ల విద్యార్థులకుండే ప్రేరణలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా ఉందా, సాహిత్యం చదివేవాళ్ళకూ ఇంజనీరింగు చదివేవాళ్ళకూ తేడా ఉందా అనేది ఆమె తేల్చవలసిన విషయం. ఇందుకోసం ఎక్కువమంది వాడే కొలమానం ఒకటి కెనడాలో తయారైంది. రాబర్ట్ వాలెరాండ్, అతని సహచరులు దాన్ని మొదట ఫ్రెంచిలోనూ, 1992లో ఇంగ్లీషులోనూ ప్రకటించారు. కాలేజీకి ఎందుకు వెళ్తున్నావు అనే ఒక్క ప్రశ్నకు 28 జవాబులిచ్చి, అందులో ప్రతి ఒక్కటీ నీ విషయంలో ఎంతవరకు నిజమో ఒకటి నుంచి ఏడు దాకా అంకె వెయ్యమంటుంది. ఆ 28 వాక్యాలను తెలుగు చెయ్యటానికి సాయం కావాలని ఆమె అడిగింది.

రెండు రోజులు కూర్చున్నాం. పని పూర్తయింది. కాని ఆ రెండు రోజుల్లో నాకు కలిగిన సందేహాలు తీరలేదు. అవి ఒక్క మనస్తత్వశాస్త్రానికి చెందినవి కావు. మన కథకూ, నవలకూ, ముఖ్యంగా అభ్యుదయ సాహిత్యానికీ చెందినవి. అందుకే వాటిని ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

మొదటి చిక్కు 'ప్రేరణ' అనే మాట దగ్గరే వచ్చింది. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళకు ప్రేరణ అనగానే గుర్తొచ్చేది వ్యాకరణం. ఒకరి చేత పని చేయించటాన్ని చెప్పేది ప్రేరణార్థక క్రియ. వండు – వండించు, రాయు – రాయించు, చదువు – చదివించు. 'కొను' చేరితే వచ్చేది ఆత్మార్థకం. చదువుకొను అంటే తన కోసం తాను చదవటం. మనస్తత్వ శాస్త్రజ్ఞులు లోపలి ప్రేరణ, బయటి ప్రేరణ అని పేరు పెట్టిన భేదాన్ని తెలుగు క్రియ ఎప్పుడో గుర్తించింది.

మన ఇళ్ళలో వినిపించే రెండు వాక్యాలు చూడండి. "మావాడు ఇంజనీరింగు చదువుతున్నాడు." "మా అమ్మాయిని డిగ్రీ చదివిస్తున్నాం." మొదటి వాక్యంలో కర్త కొడుకు. రెండో వాక్యంలో కర్త తండ్రి, కూతురు కర్మ. కొడుకు విషయంలో కూడా చదివిస్తున్నాం అంటారు గదా అని అడగవచ్చు. అంటారు. కాని కొడుకు దగ్గర ఆ మాటకు ఖర్చు పెడుతున్నాం అని అర్థం. కూతురి దగ్గర అనుమతించాం అని అర్థం. ఖర్చుకు ప్రతిఫలం అడుగుతారు. అనుమతిని ఎప్పుడైనా ఉపసంహరించుకుంటారు. ప్రేరణలో స్త్రీ పురుష భేదం గురించి మాట్లాడేటప్పుడు ముందుగా గుర్తించవలసింది ఈ తేడానే అని నా అభిప్రాయం.

ప్రశ్నావళిలోని 28 వాక్యాలు ఏడు రకాలు, రకానికి నాలుగు. తెలుసుకోవటంలోని ఆనందం, సాధించటంలోని ఆనందం, చదివేటప్పుడు కలిగే ఉత్తేజం, ఈ మూడూ లోపలివి. ఉద్యోగం, జీతం కోసం చదవటం, చదవకపోతే చిన్నతనమని చదవటం, తన జీవితానికి అవసరమని తానే గుర్తించి చదవటం, ఈ మూడూ బయటివి. ఏడోది, ఎందుకు చదువుతున్నానో తెలియని స్థితి. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1985లో పుస్తకంగా ప్రకటించిన సిద్ధాంతం దీనికి పునాది. వాలెరాండ్ బృందం పరిశీలనలో లోపలి ప్రేరణ అబ్బాయిల కన్నా అమ్మాయిల్లో ఎక్కువగా కనిపించింది.

ఈ ఫలితాన్ని చూసి, ఆడపిల్లలకు సహజంగానే చదువు మీద ప్రేమ ఎక్కువ అని పొంగిపోనక్కరలేదు. మన పరిస్థితుల్లో ఇలాంటి అంకెను చదవటానికి ఇంకో దారి ఉంది. విశ్వవిద్యాలయం దాకా వచ్చిన అమ్మాయి ఎన్ని జల్లెళ్ళ గుండా వచ్చింది? పదో తరగతి తర్వాత ఒక జల్లెడ. పక్క ఊరికి బస్సులో పంపాలా వద్దా అన్నది రెండోది. సంబంధం వచ్చినప్పుడు మూడోది. హాస్టలు నాలుగోది. చదువు మీద ఇష్టం కొంచెం తక్కువైన అమ్మాయి ఏదో ఒక జల్లెడలో ఆగిపోయింది. అంతే ఇష్టమున్న ఆమె తమ్ముడు మాత్రం ఇంజనీరింగు కాలేజీలో కూర్చున్నాడు, ఎందుకు చదువుతున్నాడో తెలియకుండానే. వీళ్ళిద్దరి ప్రేరణను కొలిచి స్త్రీ ప్రకృతి ఇది, పురుష ప్రకృతి ఇది అని తేల్చటం, జల్లెడలో మిగిలిన గింజల్ని చూసి పొలమంతా ఇంతే అనటం లాంటిది.

శాస్త్ర భేదం విషయమూ అంతే. 2021–22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో స్త్రీలు 2.07 కోట్లు. విజ్ఞానశాస్త్రాలు చదివే 57.2 లక్షల మందిలో 29.8 లక్షలు, అంటే సగానికి పైగా, స్త్రీలే. ఇంజనీరింగులో మాత్రం 2020–21 లెక్కల్లో నూటికి 29 మందే. భౌతికశాస్త్రమూ గణితమూ ఇష్టపడే అమ్మాయిలకు ఇంజనీరింగు దగ్గరకు రాగానే ఇష్టం తగ్గిపోతుందా? ఐ.ఐ.టి.ల అనుభవం దీనికి జవాబు చెబుతుంది. అక్కడ నూటికి పదిమంది కూడా అమ్మాయిలు లేని స్థితిలో, 2018లో వాళ్ళ కోసం అదనపు సీట్లు పెట్టారు. ఆ ఏడు 14 శాతం లక్ష్యం, 2020 నాటికి 20 శాతం. సీట్లు నింపటానికి అమ్మాయిలు వచ్చారు. రెండేళ్ళలో ఆడపిల్లల మనస్తత్వం మారిపోయిందని ఎవరూ అనరు. మారింది తలుపు.

ఇక్కడ సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే ఒక ప్రయోగాన్ని ప్రస్తావించాలి. 1960లలో మటీనా హార్నర్ అనే పరిశోధకురాలు అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల చేత కథలు రాయించింది. వైద్య కళాశాలలో మొదటి పరీక్షల్లో ఆన్ అందరికన్నా ముందు నిలిచిందని చెప్పి, తర్వాత కథ రాయమని 90 మంది అమ్మాయిలను అడిగింది. ఆన్ స్థానంలో జాన్‌ను పెట్టి 88 మంది అబ్బాయిలను అడిగింది. అమ్మాయిల్లో నూటికి 65 మంది ఆన్‌కు ఏదో ఒక కీడు జరిగినట్టు రాశారు. స్నేహితులు దూరమయ్యారనో, పెళ్ళి కాలేదనో, అసలు ఆ మార్కులే పొరపాటనో. జాన్‌కు కీడు రాసిన అబ్బాయిలు నూటికి పదిమంది కూడా లేరు. దీన్నిబట్టి హార్నర్, స్త్రీలలో 'విజయ భయం' అనే అంతర్గత ప్రేరణ ఉందని నిర్ధారించింది.

1974లో మరో ముగ్గురు పరిశోధకులు బడిపిల్లలతో ఒక చిన్న మార్పు చేసి చూశారు. అబ్బాయిలను కూడా ఆన్ గురించి రాయమన్నారు. వాళ్ళు అమ్మాయిల కన్నా ఎక్కువ కీడు రాశారు! అంటే ఆ భయం ఉన్నది అమ్మాయి మనసు లోతుల్లో కాదు. ముందు నిలిచిన ఆడపిల్లకు సమాజం సిద్ధంగా ఉంచిన కథలో ఉంది. కలం ఎవరి చేతిలో ఉన్నా ఆ కథే వస్తుంది. మనస్తత్వశాస్త్రం ప్రేరణ అని కొలిచింది నిజానికి కథాంశాన్ని. కథాంశాలు తయారుచేసేది రచయితలు. అందుచేత ఈ వ్యవహారంలో మనకూ బాధ్యత ఉంది.

మరి ముందు నిలిచిన ఆడపిల్లకు మన సాహిత్యం ఏ కథ సిద్ధం చేసి ఉంచింది?

'కన్యాశుల్కం' దగ్గర మొదలుపెడదాం. అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో కొడుకు వెంకటేశానికి ఇంగ్లీషు చదువు, కూతురు సుబ్బికి పద్దెనిమిది వందల ధర. చదువుకునే ఇష్టం వెంకటేశానికీ లేదు. ఆ చదువు తల్లి ఆశ, గిరీశం పొట్టకూడు. గురజాడ దాన్ని నిర్దాక్షిణ్యంగా చూపించాడు. చివర్లో సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపిస్తాడు, చదువు కోసం. ఆనాటికి అది విప్లవమే. కాని క్రియను గమనించండి: పంపిస్తాడు, చదివిస్తాడు. ఏం చదవాలని బుచ్చమ్మ అనుకుంటున్నదో నాటకం అడగదు. 1910లో వచ్చిన 'దిద్దుబాటు'లో కమలిని చదువుకున్న స్త్రీ, తెలివిగల స్త్రీ. ఆ చదువు కథలో చేసే పని మాత్రం భర్తను దారికి తేవటం. సంస్కరణ యుగం స్త్రీ విద్యను సమర్థించింది ఇంటి ప్రయోజనం చూపించి. ప్రతిపక్షాన్ని ఒప్పించటానికి అది అవసరమే కావచ్చు. కాని అప్పుడు వేసిన అచ్చు మనల్ని ఇంకా వదల్లేదు.

అదే కాలంలో మరో ఉదాహరణ మన కళ్ళ ముందే ఉంది. భండారు అచ్చమాంబ బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే అతని పక్కన కూర్చుని నేర్చుకుంది, భాషలు నేర్చింది, స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. ఆమెను ఎవరూ చదివించలేదు. ఆమె చదువుకుంది. ఆమె జీవితంలో ఉన్న ఆత్మార్థకం ఆనాటి కథల్లోని స్త్రీ పాత్రలకు దక్కలేదు.

కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవల ఈ చర్చలో తప్పనిసరి. సుందరం అక్షరాభ్యాసంతో మొదలయ్యే ఆ నవలలో చదువు మధ్యతరగతికి ఎలా ఆశగా, అలవాటుగా, చివరకు ఆర్థిక మాంద్యంలో అర్థంలేని బరువుగా మారిందో కుటుంబరావు చూపించాడు. మగపిల్లవాడి చదువు కూడా చాలావరకు చదివించటమేననే సత్యాన్ని అంత నిబ్బరంగా చెప్పిన నవల మనకు మరొకటి లేదు. అయితే సుందరానికి నవల నిండా చోటు దొరికింది. అలాంటి చోటు, పుస్తకం ముందు విసుగుతోనో ఇష్టంతోనో కూర్చునే చోటు, ఏ సుందరమ్మకూ దొరకలేదు.

తర్వాత వచ్చిన స్త్రీల సాహిత్యం ఈ లోటును మరోవైపు నుంచి పట్టుకుంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరే మరచిపోతుంది. పేరుతోపాటు బడిలో తాను మొదట నిలిచిన సంగతీ, పాటా, బొమ్మలూ మరచిపోతుంది. పాత స్నేహితురాలు గుర్తుచేస్తే గాని శారద శారద కాలేదు. ఓల్గా 'స్వేచ్ఛ'(1987)లో అరుణకు చదువుంది, ఇష్టపడి చేసుకున్న పెళ్ళి ఉంది, ఉద్యోగం ఉంది, అయినా స్వేచ్ఛ లేదు. ఈ రెండు రచనలూ చదువుకున్న స్త్రీకి తర్వాత ఏం జరిగిందో చెప్పాయి. అది చెప్పటం చాలా అవసరం. నేనడుగుతున్నది దానికి ముందరి ఘట్టం. ఆ స్త్రీ చదువుతున్నప్పుడు ఆమెకూ ఆ శాస్త్రానికీ మధ్య ఏం జరిగింది?

మన అభ్యుదయ రచనల్లోని విద్యార్థి పాత్రల్ని గుర్తుచేసుకోండి. అబ్బాయి ఉన్నత విద్యలో ఉంటాడు, అన్యాయం చూస్తాడు, ఉద్యమంలోకి వస్తాడు. అతను వదులుకున్న చదువు విలువైనదని రచయిత మనకు నమ్మకంగా చెబుతాడు. అమ్మాయి చదువు మాత్రం కట్నం సమస్యకు రుజువుగానో, ఉద్యోగం ద్వారా విముక్తికి సాధనంగానో వస్తుంది. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ప్రాంగణంలో హత్యకు గురైన జార్జిరెడ్డిని మనం తలచుకునేటప్పుడు అతని పోరాటాన్ని తలచుకుంటాం, భౌతికశాస్త్రంలో అతని బంగారు పతకాన్నీ తలచుకుంటాం. రెండూ కలిస్తేనే ఆ మనిషి అని మనకు తెలుసు. అలా రెండూ కలిసిన అమ్మాయిని మన కథలో నేనింతవరకు కలుసుకోలేదు.

జీవితంలో అలాంటివాళ్ళు లేరా? మద్రాసులోని తెలుగు కుటుంబంలో 1919లో పుట్టిన అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్ళకే భర్తను పోగొట్టుకుంది. చంకలో నెలల పిల్ల. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యుడు. ఆమె 1940లో ఆ కళాశాలలో అదే శాస్త్రంలో చేరి 1943లో పూర్తిచేసింది. పట్టా కాగితం మీద అచ్చులో ఉన్న 'అతను' అనే మాట కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాయవలసి వచ్చింది. తర్వాత కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ కంపెనీలో పనిచేసింది, భాక్రా నంగల్ పథకపు విద్యుత్ పనుల్లో పాలుపంచుకుంది. ఆమె ప్రేరణ లోపలిదా, బయటిదా? పిల్లను పెంచుకోవాలి, ఒకరి మీద ఆధారపడకూడదు, కనుక బయటిది. నాన్న ఇంట్లో నిత్యం విన్న శాస్త్రం, కనుక లోపలిది. కళాశాల ఒప్పుకుంది, తండ్రి అండ ఉంది, కనుక ఈ రెంటిలో దేనికీ చెందని మూడోది. ప్రశ్నావళి ఈ మూడింటినీ విడదీసి అంకెలు వేస్తుంది. కలిపి చూపించగలిగేది నవల ఒక్కటే. ఆ నవల ఎవరూ రాయలేదు.

మొన్న మా జిల్లా సంఘ సమావేశంలో ఈ మాట ఎత్తితే, నేను గౌరవించే ఒక పెద్దాయన, "అమ్మా, ఆసక్తి అనేది మధ్యతరగతి విలాసం. పేదవాడికి చదువంటే కూడు" అన్నారు. ఈ వాదనలో కొంత నిజముంది. డి.ఎస్సీ. ప్రకటన కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే పిల్లలకు తెలుసుకోవటంలోని ఆనందం గురించి పాఠం చెబితే నవ్వుతారు. కాని పేదవాడికి కూడు చాలు, కళ ఎందుకు అన్నవాళ్ళతో మన సంఘాలు ఇన్నేళ్ళూ పోరాడుతూ వచ్చాయి. చదువులోని ఆనందానికి అదే న్యాయం ఎందుకు వర్తించదు? కూలివాని కూతురికి సమీకరణం నచ్చటం విలాసం కాదు, హక్కు. ఆర్థిక పునాదిని మనం గుర్తించేది ఆ హక్కుకు అడ్డమేమిటో తెలుసుకోవటానికే గాని, ఆ హక్కే లేదనటానికి కాదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను తెలుగు ఎం.ఏ. చదివింది ఇష్టంతో. మా క్లాసులో నా మాట ఎవరూ నమ్మలేదు. వేరే సీటు రానివాళ్ళే తెలుగుకు వస్తారనీ, ఆడపిల్ల అయితే పంతులమ్మ ఉద్యోగం కోసం వస్తుందనీ అందరికీ నిశ్చయంగా తెలుసు. ఉద్యోగం నాకు నిజంగానే కావాలి. అయినా నన్నయ పద్యం అన్వయం కుదిరిన రాత్రి నిద్రపట్టని మాట కూడా నిజం. ఈ రెండు నిజాల్లో ఒకదాన్ని ఎంచుకోమనటం నాకు అప్పుడు కోపం తెప్పించేది.

అంత కోపం వచ్చిన నేను ఏం చేశాను? ఈ పరిశోధక విద్యార్థిని పదో తరగతిలో లెక్కల్లో బడికల్లా ముందుండేది. లెక్కల మాస్టారు బోర్డు మీద చేసినదానికి వేరే దారి ఉందని లేచి చెప్పేది. ఆమె తండ్రి నా మీద నమ్మకంతో సలహా అడిగితే, "ఊళ్ళో కాలేజీలో సి.ఇ.సి. ఉంది, తర్వాత బి.ఎడ్. చేస్తుంది, ఆడపిల్లకు భద్రమైన దారి" అని చెప్పాను. మరుసటేడు ఆమె అన్నయ్యకు పట్నంలో ఎం.పి.సి. చెప్పింది కూడా నేనే. అతని మార్కులు ఆమె కన్నా తక్కువ. ప్రగతి కార్డుల్లో మగపిల్లలకు "తెలివైనవాడు, శ్రద్ధ పెట్టాలి" అనీ, ఆడపిల్లలకు "బుద్ధిమంతురాలు, కష్టపడుతుంది" అనీ రాసే అలవాటు నా చేతికి ఎప్పుడు వచ్చిందో తెలియదు. వాడికి బుర్ర, ఆమెకు బుద్ధి. హార్నర్ విద్యార్థులు ఆన్‌కు రాసిన కథనే నేను ప్రగతి కార్డులో రెండు మాటల్లో రాస్తూ వచ్చాను.

రెండో రోజు సాయంత్రం, మా తెలుగు సరిగా ఉందో లేదో చూడటానికి ఆమె ప్రశ్నావళిని తానే నింపింది. అన్నిటికీ అంకెలు వేసి, "టీచర్, ఇందులో నా వాక్యం లేదు" అంది. ఏమిటది అని అడిగాను. "నన్ను చదవనిచ్చింది ఇదొక్కటే కాబట్టి" అంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నేను తల ఎత్తలేకపోయాను. కొలమానానికి కొత్త వాక్యం చేర్చటం శాస్త్రీయంగా అంత సులభం కాదట. విడిగా ఒక కాగితం మీద ఆ ప్రశ్న అడుగుతానంది.

ఆ 29వ వాక్యాన్ని రాయగల స్వేచ్ఛ మనకుంది. రచయితలకు కొలమానం అడ్డం లేదు. చదువుకునే అమ్మాయి పాత్రను తీసుకున్నప్పుడు ఆమె కట్నం, ఆమె ప్రేమ, ఆమె ఉద్యోగంతోపాటు ఆమె పుస్తకంలో ఏముందో కూడా రాయండి. ఏ శాస్త్రమో, అందులో ఏ చిక్కు ఆమెను నిద్రపోనివ్వలేదో, ఆ శాస్త్రం దాకా రానీయకుండా ఆపిందెవరో రాయండి. ఆపినవాళ్ళలో దుర్మార్గపు తండ్రులే కాక మంచి ఉద్దేశంతో సలహా చెప్పిన టీచర్లు కూడా ఉంటారని మరచిపోవద్దు. సాహిత్య విద్యార్థులు తమ పరిశోధనల్లో స్త్రీ పాత్రల విద్యను ఒక అధ్యాయంగా రాస్తున్నారు. ఆ పాత్ర ఎంత చదివిందని కాక, ఏం చదివింది, ఎవరి ఇష్టంతో చదివింది అని అడిగితే ఆ అధ్యాయం మారిపోతుంది.

ఈ జూన్‌లో బడి తెరిచాక నేను చేసిన మొదటి పని ప్రగతి కార్డులో ఆ రెండు మాటలూ మానేయటం. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి గురించి "లెక్కల్లో తెలివైనది" అని రాశాను. సంతకం పెట్టడానికి వచ్చిన వాళ్ళమ్మ ఆ మాట నా చేత రెండుసార్లు చదివించుకుంది.